ఎంగిలి గాలి

1వ రోజు

ఈ రిజిస్టరు ముందు పేజీలు ఆఫీసువి. భూమి కింద మూడో మట్టంలో ఏ ఇంటికి ఎంత గాలి అందుతోంది, ఏ గొట్టం చిరిగింది, గాలికి అడ్డు కట్టే పరదా ఎవరు పక్కకు జరిపారు, అన్నీ వాటిలో రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ గాలి మేస్త్రీని నేనే. పేరు ఓదెమ్మ. నేను వస్తున్నానంటే వరస వరసంతా లేచి పరదాలు సర్దుకుంటుంది, అంత మంచి పేరు నాది. వెనక పేజీలు ఏటా ఖాళీగా మిగిలిపోతాయి. ఈసారి వాటిలో నా సొంత సంగతి రాసుకుంటాను.

కంపౌండర్ రవూఫ్ ఇవాళ తూకం మిషన్ మోసుకొచ్చి మా ఆయనను తూచాడు. నలభై రెండు కిలోలు. పైన ఎండకు తాళలేక జనం పాత బొగ్గుబావుల్లోకి దిగిన కాలంలో, ఇళ్ల కోసం ఈ గోడలు తొలిచినవాళ్లలో మా మొండయ్య ఒకడు. ముప్పై ఏళ్ల దుమ్ము ఛాతీలో పేరుకుపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు దగ్గు.

నలభై కిలోల కిందికి పడితే పై దవాఖానకు తీసుకుపోవాలని రూలు. అది మొదటి మట్టంలో ఉంది. అక్కడ బాగానే చూసుకుంటారట, శుభ్రమైన మంచం, మందుల గాలి. ఇంటివాళ్లను మాత్రం రానివ్వరు. వారానికి ఒకసారి ఫోనులో గొంతు వినిపిస్తారు. పైకి వెళ్లినవాళ్లు మళ్లీ కిందికి దిగడం నేను చూడలేదు.

"నెలకోసారి అస్త అక్కా. నలభై కిందికి పోనియ్యకు," అన్నాడు రవూఫ్, మిషన్ సంచిలో పెట్టుకుంటూ. మంచివాడే. కానీ కాగితం కాగితమే అతనికి, నాలాగే.

మొండయ్య తినడు, అదీ గొడవ. అందరికీ పొట్లాల్లో వచ్చే జావే ఆయనకూ వస్తుంది. గిన్నె ముందు పెడితే రెండు గుక్కలు తాగి పక్కకు నెడతాడు.

"ఏం తింటవో చెప్పరాదు," అని గట్టిగానే అడిగాను.

"పచ్చి మిరపకాయ ఒక్కటుంటే కొరుక్కుంట తాగుదును," అన్నాడు. "నోరు సచ్చిపోయిందే ఓదెమ్మా."

విత్తనాల గదిలో మనిషికి జీవితంలో ఒక్కసారి ఒక చిటికెడు గింజలు ఇస్తారు. చాలామంది పెళ్లికి బంతి గింజలు తెచ్చుకుంటారు. నేను ఆ రోజు డ్యూటీలో ఉండి తెచ్చుకోలేదు. నా చిటికెడు అలాగే మిగిలి ఉంది. వెళ్లి మిరప అడిగాను. ఏడు గింజలు వచ్చాయి. తడిగుడ్డలో కట్టి దీపం పక్కన పెట్టాను.

6వ రోజు

మిరప కోసం కట్టిన గుడారం నిలబడింది. కప్పు కూలకుండా కొట్టే పాత ఇనుప కడ్డీలు నాలుగు, వాటి చుట్టూ చిరిగిపోయిన గాలి పరదా గుడ్డ. లోపల జావ పొట్లాల వెండి కాగితం అతికించాను, దీపం వెలుగు వృథా పోకుండా. ఎత్తు నా నడుము దాకా, వెడల్పు ఒక మంచమంత. గాలి బయటికి పోయే గొట్టం కోసం స్టోరులో అడిగితే ఆర్నెల్లు ఆగమన్నారు. నా పాత లంగాలు రెండు కలిపి కుట్టి, మధ్యమధ్య తీగ చుట్లు పెట్టాను. అచ్చం గొట్టంలాగే ఉంది, పూలు తప్ప.

మొండయ్య పరదా అవతల నుంచి కుట్టు మిషన్ చప్పుడు విని అడిగాడు. చెప్పాను.

"ఓదెమ్మ లంగల నుంచి గాలి పోతున్నదంటే మట్టమంత నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వినోళ్ల ఇంటికి గాలి తగ్గిస్త."

ఆయన నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

పరదా అవతల అన్నాను కాబట్టి ఆ పరదా సంగతి రాయాలి. మా ఇల్లు ఒకటే గది. మధ్యలో నేల నుంచి కప్పు దాకా పరదా. అటు ఆయన మంచం, ఇటు నేను. దగ్గే మనిషి వదిలిన గాలి ఇంకొకరి మీదుగా పోకూడదు. ఆయన తలాపున వేరే గొట్టం పెట్టి, ఆయన గాలిని నేరుగా, వాడిన గాలి పైకి పోయే వెనక దారిలోకి పంపించాలి. నిజానికి దగ్గేవాళ్ల గాలే కాదు, ఎవరి గాలీ ఇంకొకరికి పెట్టం మేము. ఒకరు పీల్చి వదిలింది ఎంగిలి గాలి. ఎంగిలి గాలి వెనక దారికి, కొత్త గాలి మనిషికి. మూడు మట్టాల్లో పిల్లలకు మొదట నేర్పే మాట ఇదే. ఎంతమంది ఇళ్లలో నేను ఈ పరదాలు కట్టానో లెక్క లేదు. మా ఇంట్లో కట్టి రెండేళ్లయింది. ఎవరింట్లోనైనా ఒక ముడి వదులుగా ఉంటుందేమో గానీ, మా ఇంట్లో ఉండదు.

9వ రోజు

ఏడింటిలో నాలుగు మొలిచాయి. నాలుగు చిన్న డబ్బాల్లో పెట్టాను. ఆయనకు చెప్తే, "ఎట్లున్నయే?" అన్నాడు. ఆకుపచ్చగా ఉన్నాయన్నాను.

20వ రోజు

గుడారం లోపలి గోడల నిండా నీటి చుక్కలు. కింది ఆకుల మీద బూడిద రంగు బూజు మొదలైంది. ఇంత గాలి తెలిసినదాన్ని, ఇంత గుడారానికి గాలి ఆడించలేకపోతున్నానే అని సిగ్గేసింది. పాత కంప్యూటరులోంచి ఊడదీసిన చిన్న ఫ్యాను అడుగున పెట్టి, గాలిని లోపలికి తోయిస్తున్నాను. మా ఇళ్లకు గాలి పంపేది అలాగే కాబట్టి చేయి అటే పోయింది. గుడ్డ నాలుగు వైపులా ఉబ్బి నిలబడింది, మూలమూలలా గాలి కారుతోంది.

పరదా అవతల దగ్గు ఆగాక మాట వచ్చింది. "ఫ్యాను చప్పుడు సూస్తె తోస్తున్నట్టున్నవ్. తొయ్యకు, గుంజు."

"నాకు చెప్పకు."

"సరే, చెప్ప."

ఒక గంట పంతం పట్టాను. తర్వాత ఫ్యాను విప్పి పైన లంగా గొట్టం మొదట్లో బిగించి, బయటికి గుంజేలా తిప్పి పెట్టాను. కొత్త గాలి తనంత తాను వచ్చేందుకు అడుగున అరచేతి మందం సందు వదిలాను. వేడెక్కిన తేమ గాలి ఎలాగూ పైకే లేస్తుంది, దాని దారిన దాన్ని పోనిస్తే సగం పని అయిపోతుంది. గొట్టంలో ఉన్న రెండు వంపులు తీసి సాపుగా కట్టాను. గుడారం గోడలు కొంచెం లోపలికి లాగుకున్నాయి. అంటే సందుల్లోంచి గాలి లోపలికే వస్తోంది, బయటికి కారడం లేదు. సాయంత్రానికి చుక్కలు ఆరిపోయాయి.

"ఉబ్బిందా, లోపలికి పోయిందా?" అని అడిగాడు.

"లోపలికి."

"చెప్పిన గద," అనలేదు. అనకుండా ఉన్నందుకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

31వ రోజు

నలభై ఒకటిన్నర. రవూఫ్ రాసుకుని వెళ్లాడు.

37వ రోజు

లోపల ఇంకో చిన్న ఫ్యాను పెట్టాను, గాలి ఒకేచోట నిలిచిపోకుండా తిప్పడానికి. ఆకు మీద నేరుగా కొట్టకూడదు, గోడకు కొట్టి తిరిగి రావాలి. ఆకులు సన్నగా ఊగుతున్నాయి. గాలికి ఊగితేనే కాండం గట్టిపడుతుందట. మోకాలెత్తు వచ్చాయి నాలుగూ.

"ఎట్లున్నయే?" అన్నాడు మళ్లీ.

"ఎత్తు పద్నాలుగు అంగుళాలు. ఆకులు ఒక్కోదానికి ముప్పై పైన. బూజు లేదు."

"రిజిస్టరు చదివినట్టు చెప్తవేందే. ఎట్లున్నయంటే ఎట్లున్నయని."

ఒక చేత్తో పరదా పట్టుకుని గుడారంలోకి మళ్లీ చూశాను. అటు వైపు వెళ్లి గిన్నె ఇచ్చి వచ్చేటప్పుడు రోజూ మూడుసార్లు ఆయన ముఖం చూస్తాను, ముక్కుకు గుడ్డ కట్టుకుని. రూలు ప్రకారం అంతవరకే. ఊగుతున్నాయని చెప్పాను. ఊగుతుంటే చూడబుద్ధి అవుతోందని చెప్పాను.

"గట్ల చెప్పాలె," అన్నాడు.

48వ రోజు

పూత వచ్చింది. తెల్లటి చిన్న పూలు, తలలు కిందికి వంచుకుని. మొదటి చెట్టుకు ఐదు, రెండోదానికి మూడు, మూడోదానికి ఆరు, నాలుగోదానికి రెండు. ఈ మట్టంలో మిరప పూసిందని పక్కింటి భూలక్ష్మి వచ్చి వాకిట్లోనే నిలబడి చూసింది. లోపలికి రమ్మంటే, మీ ఇంటి గాలి మీది కదా మేస్త్రమ్మా, అంది. నేను నేర్పిన మర్యాదే అది. ఎందుకో ఆ మాట ఇవాళ నచ్చలేదు.

52వ రోజు

పూలు రాలుతున్నాయి. పొద్దున లేచి చూస్తే గుడారం అడుగున పదకొండు. తొడిమ దగ్గర పసుపుపచ్చగా మారి, ముట్టుకోకుండానే ఊడిపోతున్నాయి.

57వ రోజు

ఇవాళ్టికి ముప్పై రెండు రాలాయి. నీళ్లు సరిగానే పోస్తున్నాను, దీపం సరిగానే ఉంది. ఇక మిగిలింది గాలే. గాలి చాలడం లేదన్నమాట. కాబట్టి అడుగున సందు సగం మూసి, పెద్ద గొట్టంలోంచి వచ్చే కొత్త గాలిని నేరుగా గుడారంలోకి కలిపాను. మా ఇద్దరికీ గాలి వచ్చే గొట్టం మూతులు రెండు. ఆయన మూతిని ముట్టుకోలేదు. నా మూతి మూసి నా గాలంతా చెట్లకు పెట్టాను. మూడు మట్టాల్లో ఏ మొక్కకూ ఇంత శుభ్రమైన గాలి అంది ఉండదు. ఉప్పు గదుల్లో ఆరబెట్టి, చల్లబరచి, ఎవరూ ముట్టని గాలి.

నా వైపు గాలి కదలడం లేదు. తల బరువుగా ఉంటోంది. ఫరవాలేదు. కాయ నిలబడితే చాలు, ఆయన ఇంకో గిన్నె జావ తాగితే చాలు.

61వ రోజు

నలభై కిలోల మూడు వందల గ్రాములు.

రవూఫ్ నా ముఖం చూడలేదు. "వచ్చే నెల పైకి పంపే కాగితం తెస్తనక్కా, పనికిరాకుండ పోతె మంచిదే," అన్నాడు. అతను వెళ్లాక పరదా అవతల దగ్గు ఆగిపోయింది. నాకు భయమేసి, "ఏం జేస్తున్నవ్?" అని అడిగాను.

"ఏం జేస్త, పన్న," అన్నాడు.

రాలినవి నలభై ఏడు. నా గాలంతా పెట్టాక ఇంకా ఎక్కువ రాలుతున్నాయి. గుడారం ముందు కూర్చుని ఏడ్చాను. వినబడకుండా ఏడవడం ఈ రెండేళ్లలో బాగా వచ్చింది.

62వ రోజు

ఇవాళ ఒక విషయం చూశాను. మూడు చెట్లకు తొడిమలే మిగిలాయి. నాలుగోదానికి, మొండయ్య పరదా పక్కన ఉన్నదానికి, రెండు పిందెలు ఉన్నాయి. బియ్యపు గింజంత. పూరేకులు ఎండి పిందె మూతికి ఇంకా అంటుకునే ఉన్నాయి. మూడుసార్లు కళ్లద్దాలు తుడుచుకుని చూశాను.

నాలుగింటికీ అదే మట్టి, అవే నీళ్లు, అదే దీపం. తేడా ఉంటే గాలిలోనే ఉండాలి. గాలి ఎటు పోతోందో చూడాలంటే మాకు ఊదుబత్తి ఉంది. ఒకటి వెలిగించి గుడారం చుట్టూ తిప్పాను. మూడు వైపులా పొగ సూటిగా కిందికి, లోపలికి పోయింది, నేను కట్టినట్టే. నాలుగో వైపు పొగ అడ్డం తిరిగింది. పరదా వైపు నుంచి గాలి వస్తోంది, మంచం మీదుగా.

ఊదుబత్తి పట్టుకుని పరదా వెంబడి వంగి చూసుకుంటూ వెళ్లాను. కింది అంచున ఒక ముడి విప్పి మళ్లీ వదులుగా కట్టి ఉంది. అది నా ముడి కాదు. నేను కుడి చేత్తో కడతాను, ఈ ముడి ఎడమ చేతిది. మొండయ్యది ఎడమ చేయి.

గుడ్డ కట్టుకోవడం కూడా మరిచి పరదా ఎత్తి లోపలికి వెళ్లాను. "ఎన్ని దినాల సంది?"

ఆయన దొరికిపోయిన దొంగలా చూడలేదు. హాయిగా చూశాడు. "పూత అచ్చిన కాడి నుంచి. నువ్వు డ్యూటీకి పోయినంక ఇప్పి, గుడారం గుడ్డ జరంత ఎత్తి పెట్టుకుంట, నువ్వచ్చే యాళ్లకు కడ్త."

"ఎందుకు?"

"పచ్చగుంటది గద. సూస్కుంట పంట." దగ్గు వచ్చింది. ఆగేదాకా నేను ఆయన వీపు మీద చేయి వేసి నిలబడ్డాను. తర్వాత అన్నాడు: "నువ్వు లేనప్పుడు ఎవలనన్న సూడాలె గదనే. గోడనెంతసేపు సూస్త?"

తిట్టాలనే వెళ్లాను. రిజిస్టరు ముందు పేజీలో రాయాలనే వెళ్లాను. మంచం అంచున కూర్చుండిపోయాను.

"నీ ఎంగిలి గాలి మిరపకు తగిలింది," అన్నాను చివరికి.

"తగిలితే?"

"కాసింది."

ఆయనకు అర్థం కాలేదు. నాకూ అప్పుడే అర్థమవుతోంది. ఉప్పు గదుల నుంచి వచ్చే గాలి ఎండు గాలి, బొగ్గు గోడలకు బూజు పట్టకూడదని అలా ఆరబెడతారు. అది పువ్వుకు తగిలితే పుప్పొడి ఎండి చచ్చిపోతుంది, పువ్వు దానంతటదే ఊడుతుంది. అది చాలదన్నట్టు నేను గొట్టం కలిపి ఇంకా జోరుగా కొట్టించాను. మనిషి వదిలిన గాలి మెత్తగా ఉంటుంది, వెచ్చగా, కొంచెం తడిగా. చెట్లకు కావలసిన వాయువు అందులోనే ఎక్కువ. ఇది బడిలో చదువుకున్నదే నేను. కానీ ఎంగిలి ఎవరికీ పెట్టకూడదని అంతకంటే ముందు నేర్చుకున్నాను. మంచిది పెట్టాలనే ఆరాటంలో చెట్లను ఎండబెట్టాను. మొండయ్యను కూడా అంతే చేశాను. రెండేళ్లు ఆయనకు శుభ్రమైన గాలి ఒక్కటే పెట్టాను.

63వ రోజు

పొద్దున డ్యూటీకి పోకముందు పరదా విప్పాను. పదహారు ముళ్లు. మొండయ్య మంచం మీద లేచి కూర్చుని చూస్తున్నాడు.

"రూలో?" అన్నాడు.

"నీది దుమ్ము. దుమ్ము అంటుతదా? నాకు తెల్వదా ఏంది."

"తెలిసి మల్ల రెండేండ్లు కట్టినవ్."

దగ్గేవాళ్లందరికీ ఒకటే రూలు పెట్టారు, నేనూ ఒకటే ముడి వేస్తూ పోయాను. మా ఇంట్లో విప్పితే మేస్త్రీకో రూలు, జనానికో రూలా అంటారని భయపడ్డాను. ఆ భయం కోసం ఈయనను అవతల పడుకోబెట్టాను. తప్పు చేశానని చెప్పాను ఆయనతో, మాటల్లోనే చెప్పాను. ఆయన నా చేయి పట్టుకుని, "మంచం జరుపుదాం పా," అన్నాడు.

గాలి దారి మార్చాను. పెద్ద గొట్టం నుంచి కొత్త గాలి ముందు మా మంచం మీదికి వస్తుంది. అక్కడి నుంచి గుడారం అడుగు సందులోకి. అక్కడి నుంచి పైకి, లంగా గొట్టంలోంచి వెనక దారికి. ఊదుబత్తి పెట్టి చూశాను. పొగ మొండయ్య గడ్డం కింది నుంచి మెల్లగా పోయి ఆకుల మధ్య దూరింది. ఆయన ఆ పొగను వేలితో చూపిస్తూ పోయాడు.

తర్వాత రిజిస్టరు ముందు పేజీ తీసి రాశాను: ఇంటి నంబరు 31. రోగి పరదా తొలగించబడినది. తొలగించినది గాలి మేస్త్రీ ఓదెమ్మ. మనిషి గాలి మిరప మొక్కల మీదికి మళ్లించబడినది. రోజువారీ రీడింగులు దిగువన. రాసి సంతకం చేశాను. ఎవరైనా అడిగితే దాచడానికి ఏమీ లేదు.

70వ రోజు

పూత మళ్లీ వచ్చింది, ఈసారి నిలుస్తోంది. రాలినవి మూడు.

మొండయ్యకు పని దొరికింది. పొద్దున్నే గుడారం గుడ్డ పైకి చుట్టి, ఒక్కో పూల రెమ్మ మీద వేలితో చిన్నగా తడతాడు. పుప్పొడి రాలి పిందె కట్టడానికి. ఇక్కడ తేనెటీగలు లేవు కదా. తట్టేటప్పుడు ఏదో గొణుగుతాడు. ఏమంటున్నావంటే చెప్పడు. ఇరవై పూలు తట్టేసరికి అలిసిపోయి పడుకుంటాడు. ఆకలేస్తోందని ఇవాళ తనంతట తాను అడిగాడు. సగం గిన్నె తాగాడు.

రెండేళ్ల తర్వాత ఒకే మంచం మీద, ఒకే గాలిలో పడుకుంటున్నాం. ఆయన గురక గోలగోలగా ఉంది. నిద్ర సరిగా లేక డ్యూటీలో ఆవలిస్తున్నాను. ఈ మట్టంలో నాకంటే సుఖంగా ఎవరూ లేరు.

77వ రోజు

సూపర్‌వైజర్ వచ్చి ముందు పేజీ చదివాడు. నా రీడింగులు చూశాడు. పిందెలు లెక్కపెట్టాడు, పంతొమ్మిది. మళ్లీ చదివి, కింద సంతకం పెట్టాడు. పై ఆఫీసుకు పంపిస్తానన్నాడు, అక్కడి నుంచి మాట వచ్చేదాకా ఇలాగే ఉంచమన్నాడు. పోతూ పోతూ, "మా ఇంట్ల గోరింటాకు డబ్బా ఉన్నదమ్మా, ఎన్నడూ చిగురెయ్యది," అన్నాడు. మంచం పక్కన పెట్టుకోమన్నాను.

86వ రోజు

మొదటి కాయ కోశాను. వేలంత పొడవు, ముదురు ఆకుపచ్చ. కడిగి, జావ గిన్నె పక్కన పెట్టి ఇచ్చాను.

మొండయ్య దాన్ని చాలాసేపు వాసన చూశాడు. తొడిమ పట్టుకుని కొస కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది, దగ్గు వచ్చింది, నేను గాబరాపడి నీళ్లు తెచ్చాను. చెయ్యి అడ్డం పెట్టి గిన్నె అందుకున్నాడు. ఒక గుక్క, ఒక కొరుకు. గిన్నె ఖాళీ చేశాడు. గిన్నె అడుగు చూసి ఎన్నాళ్లయింది.

చివర మిగిలిన ముక్క నా నోటికి అందించాడు. ఆయన కొరికిన ముక్క. తిన్నాను. మంట నషాళానికి అంటింది.

91వ రోజు

రవూఫ్ వచ్చాడు. మొండయ్య ఎవరూ పట్టుకోకుండా మిషన్ ఎక్కాడు. ముప్పై తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు.

ఐదు రోజుల తిండి నాలుగు వందల గ్రాములు పూడ్చలేకపోయింది. రవూఫ్ ఆయనను దింపి మళ్లీ ఎక్కించాడు. అంతే చూపించింది. మిషన్‌ను గోడ దగ్గరకు జరిపి మూడోసారి చూశాడు. ఇంతకంటే ఏం చేస్తాడు. సంచిలోంచి కాగితం తీశాడు.

మొండయ్య మంచం మీద కూర్చుని కాగితాన్ని చూడలేదు, గుడారాన్ని చూశాడు. నన్ను అడిగాడు, మామూలుగా, నీళ్లు ఎవరు పోస్తారని అడిగినట్టు. "నేను పోతే వీటికి గాలెట్లనే?"

ఆ మాట పట్టుకునే రిజిస్టరు తీశాను. ముందు పేజీల్లో సిబ్బంది పట్టీ ఉంటుంది. గొట్టం కుట్టేవాళ్లు, ఫ్యాను చూసేవాళ్లు, నా కింద పనిచేసే ఖలాసీల పేర్లు అందులో నేనే ఎక్కిస్తాను, నేనే కొట్టేస్తాను. కొత్త వరస గీసి రాశాను. పేరు మొండయ్య. పని మిరప గుడారానికి గాలి వదలడం. డ్యూటీ మూడు షిఫ్టులూ. రవూఫ్ ముందుకు తిప్పి పెట్టాను.

"ఇదేందక్కా?"

"ఖలాసీ. గొట్టం గాలికి పూత రాలుతున్నది, ఈయన గాలికి నిలుస్తున్నది. ఇరవై ఎనిమిది దినాల రీడింగులున్నయి. సూపర్‌వైజర్ సంతకం ఉన్నది. సదువుకో."

రవూఫ్ నిజంగానే కూర్చుని చదివాడు, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా. లేచి గుడారంలోకి తొంగి చూశాడు. కాయలు చూశాడు. మొండయ్య మెడ కింద గుంతలు చూశాడు.

"డ్యూటీల ఉన్నోళ్లను పైకి పంపాలంటే మేస్త్రీ సంతకం గావాలె," అన్నాడు మెల్లగా.

"గావాలె."

"ఈ మట్టంల మేస్త్రీ నువ్వే గదక్కా."

"నేనే."

"పెడ్తవా మరి?"

"పెట్ట."

రవూఫ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మిషన్ సంచిలో సర్దుకున్నాడు. వాకిలి దాకా వెళ్లి ఆగి, నా వైపు తిరగకుండా అడిగాడు. "ఎన్ని దినాలక్కా, గిట్ల?"

"డ్యూటీకి అచ్చినన్ని దినాలు," అన్నాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. ఎన్ని రోజులో అతనికి తెలుసు, నాకు తెలుసు. మొండయ్యకు అందరికంటే బాగా తెలుసు. ఆ రోజులు ఇక్కడే గడుస్తాయి. ఇంతకు మించి నేనేమీ గెలవలేదు, ఇంతకు మించి ఏమీ కోరలేదు కూడా.

హాజరు పట్టీలో ఆయన పేరుకు ఎదురుగా ఇవాళ్టి గడి నింపాను. మొండయ్య నా భుజం మీదుగా వంగి చూశాడు. ఆయన ఊపిరి నా చెవికి వెచ్చగా తగిలింది.

"మేస్త్రమ్మా, లీవులుంటయా నాకు?"

ఉండవని చెప్పాను. ఒక్కరోజు కూడా ఇవ్వనన్నాను.